ఎర్ర అంచు పీలిక

జిరాక్స్ షాపు, చిలకలూరిపేట
సెప్టెంబర్ 9

అత్తా, నమస్తే.

నేను శ్రీరమ్యని. మీ అన్నయ్య చెంచయ్య గారి అమ్మాయిని. పోయిన నెల గుంటూరు ఆసుపత్రిలో నాయనమ్మ మంచం పక్కన చూశారు కదా, ఆ పిల్లని. వెళ్ళేటప్పుడు కొత్తపట్నం అడ్రస్ రాసిన కాగితం నా చేతిలో పెట్టారు. అది నా ఫిజిక్స్ బుక్ అట్టలో దాచాను. మీరు వచ్చినట్టు నాన్నకి ఇప్పటికీ తెలీదు. నాయనమ్మ చెప్పలేదు, అమ్మా నేనూ చెప్పలేదు.

నా తెలుగులో తప్పులుంటాయి. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇంగ్లిష్‌లో రాద్దామనుకున్నా గానీ, భయం గురించి ఇంగ్లిష్‌లో రాస్తుంటే ఎగ్జామ్ ఆన్సర్ లాగా వస్తోంది. ఫోన్‌లో మెసేజ్ పెట్టలేను. ఇంట్లో నా ఫోన్ అందరి ఫోను. అందుకే ఉత్తరం.

నేను అడగాలనుకున్నది ఒకటే. ఆరోజు నాయనమ్మకి ఊపిరి ఆడట్లేదు, అమ్మా నేనూ ఏడుస్తున్నాం. మీరొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో మెల్లగా అన్నారు. నాయనమ్మ సంగతి డాక్టర్లు చూసుకున్నారు, అది నాకు తెలుసు. కానీ నా కడుపులో ఎప్పుడూ ఒక వణుకు ఉంటుంది, అది ఆ కాసేపూ ఆగిపోయింది. అదెలా?

నాన్న చెడ్డవాడు కాదు. పోయినేడు మిరప మొత్తం నల్లపురుగు తినేసింది. అప్పట్నుంచీ ఇంట్లో గిన్నె కింద పడినా అందరం ఉలిక్కిపడతాం. కాలేజీ బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ముందు నాన్న బండి ఉందా లేదా అని చూస్తాను. ఉంటే చెప్పుల చప్పుడు కాకుండా పెరటి వైపు నుంచి వెళ్తాను.

జవాబు రాస్తే ఇంటికి వద్దు. నా ఫ్రెండ్ ఫర్హానా వాళ్ళ నాన్నగారిది జిరాక్స్ షాపు, కాలేజీ పక్కనే. 'గౌస్ బాషా గారి ద్వారా' అని రాయండి.

మీ
శ్రీరమ్య


కొత్తపట్నం
సెప్టెంబర్ 16

నా బంగారు కోడలా,

ముందు ఆ 'మీరు' తీసెయ్. మేనత్తని పట్టుకుని మీరేంటే? నిన్ను ఎత్తుకోవడం నా రాతలో లేకపోయింది గానీ, లేకపోతే నీ ముక్కు తుడిచిన చెయ్యి నాదే అయ్యేది.

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. ఇంజెక్షన్ కోసం కూర్చున్న ఒక ముసలాయన, "ఏంటి సిస్టరమ్మా, కళ్ళల్లో నీళ్ళు? సూది నాకు కదా!" అన్నాడు.

నువ్వడిగినదానికి నాకు తెలిసినంత చెప్తాను. ఆరోజు నాకూ భయమేసింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత మా అమ్మని ముట్టుకోవడం అది. కానీ నా భయాన్ని మోసేవాడు ఒకాయన ఉన్నాడని నాకు తెలుసు. ఆయనతో చెప్పుకున్నాను, అంతే. మంత్రం కాదు. "యేసయ్యా, నా చేతిలో ఏమీ లేదు, నీ చేతిలో పెడుతున్నా" అన్నాను. అలా పెట్టాక మనసుకి ఒక నెమ్మది వస్తుంది. అది నాది కాదు, ఆయన ఇచ్చేది.

యేసయ్య మాటలున్న నా చిన్న పుస్తకం ఒకటి పంపిస్తున్నాను. అరచేతిలో పడుతుంది. రోజూ ఒక్క పేజీ చాలు. నిన్ను నమ్మమని తొందరపెట్టను. చదువు, నచ్చితే మాట్లాడు ఆయనతో.

ఒక్క మాట మాత్రం విను. మీ నాన్న కంట పడనివ్వకు. మా అన్నయ్య సంగతి నాకు తెలుసు. నీకు పద్దెనిమిది నిండనీ, చదువు అవనీ. అప్పటిదాకా బాగా దాచిపెట్టుకో. నేను అబద్ధం చెప్పమనడం లేదు, చెప్పకుండా ఉండమంటున్నా.

మీ మావయ్య ప్రేమ్‌చంద్ గారు నీకు వందనాలు చెప్పమన్నారు.

నీ అత్త
నాగజ్యోతి


జిరాక్స్ షాపు
అక్టోబర్ 8

అత్తా,

పుస్తకం అందింది. గౌస్ బాషా అంకుల్ కవరు ఇస్తూ, "ఇదిగో తల్లీ, పోస్ట్‌మాన్ ఉద్యోగం కూడా చేయిస్తున్నావు నాతో. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, రహస్యాలు తర్వాత పెట్టుకోకూడదూ!" అన్నారు. ఫర్హానా ఒక్కటే నవ్వు.

ఇంట్లో దాచడానికి చోటు లేదు. అమ్మ రోజూ నా బ్యాగు సర్దుతుంది. అందుకని పెరట్లో మందుల కొట్టంలో పెట్టాను. పురుగు మందులు, ట్యాంకులు, పాత గోతాలు ఉండే రేకుల కొట్టం. ఆ వాసనకి అమ్మ రాదు. సాయంత్రం గేదెకి తవుడు తీసే పని నాది, తవుడు బస్తా కూడా అక్కడే. పది నిమిషాలు దొరుకుతుంది. తవుడు బస్తా మీద కూర్చుని ఒక పేజీ చదువుతా.

అత్తా, నీకొక సర్‌ప్రైజ్. నాకు నీ చీర పీలిక దొరికింది! నువ్వు చర్చిలో మావయ్యని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక నాన్న నీ చీరలన్నీ చింపేశాడని నాయనమ్మ చెప్పింది. ఎర్ర అంచున్న చీరాల చీర, ఆ అంచు ముక్క ఒకటి మిగిలింది. "అది మీ అత్తదేనే" అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఈ ఇంట్లో నీది మిగిలింది అదొక్కటే. పుస్తకాన్ని అందులోనే చుట్టి దాచాను. నువ్వూ యేసయ్యా ఇద్దరూ ఒకే మూటలో ఉన్నట్టుంది.

వణుకు తగ్గింది అత్తా. నిజంగా. నిన్న నాన్న ఆదాం మీద అరిచినా నాకు పెద్దగా భయం వెయ్యలేదు. ఆదాం నీకు తెలిసే ఉంటాడు, మన చేలో మందు కొట్టే మనిషి. ఆదివారం రానన్నాడు. "పూత మీదున్న చేను, పురుగు ఆదివారం సెలవు తీసుకుంటదా?" అని నాన్న. "చర్చికి పోవాలయ్యా, సోమవారం తెల్లారేసరికి చేలో ఉంటా" అని ఆదాం. నాన్న చాలా మాటలన్నాడు. ఆదాం తువ్వాలు భుజం మీద సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను నీలా, ఆదాంలా ప్రార్థన చేస్తున్నానని ఆదాంకి కూడా తెలీదు. ఎవరికీ తెలీదు. నాకు అదే బాగుంది.

నీ కోడలు


కొత్తపట్నం
అక్టోబర్ 15

కోడలా,

నీ ఉత్తరం చదివి, కూర పొయ్యి మీద మాడ్చేశాను. మావయ్య నోరెత్తకుండా తిన్నారు పాపం.

ఆ చీర నాకు నర్సు ట్రైనింగులో సీటొచ్చినప్పుడు అన్నయ్యే కొనిపెట్టాడు, తెలుసా? చీరాల దాకా వెళ్ళి, నేత పని చేసే ఇంట్లోనే కొని తెచ్చాడు. అంచు ఎంత ఎర్రగా ఉండాలో పండు మిరపకాయ చూపించి చెప్పాడట వాళ్ళకి. అలాంటి అన్న నా చీర చింపాడంటే ఎంత నొచ్చుకున్నాడో. ఆయన మీద నాకు కోపం లేదు.

అవునూ, ఆ పీలిక ఇన్నేళ్ళు ఎక్కడుందే? ఎక్కడ దొరికింది నీకు?

ఆదాం నాకు తెలుసు. నేను మొదటిసారి చర్చి గుమ్మంలో నిలబడినప్పుడు, లోపలికి రమ్మని చాప జరిపింది వాళ్ళమ్మ.

నీ అత్త


జిరాక్స్ షాపు
నవంబర్ 3

అత్తా,

ఇంట్లో ఏం బాలేదు. రెండెకరాల మిరప పాడైపోయింది. ఆకులు సన్నగా మెలికలు తిరిగిపోయి, కొమ్మలు వంగిపోయాయి. ముందు తెగులనుకున్నారు. తర్వాత గడ్డి మందు పడిందని తేలింది. ఆదాం పురుగు మందు కొట్టాల్సింది గడ్డి మందు ట్యాంకుతో కొట్టాడంట. కావాలనే చేశాడంటున్నాడు నాన్న. ఆదివారం గొడవకి కక్ష తీర్చుకున్నాడంట.

ఒకటి అడుగుతా. తెలీకుండా చేసిన తప్పు కూడా పాపమేనా?

రమ్య


కొత్తపట్నం
నవంబర్ 8

రమ్యా,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు.

నువ్వడిగినదానికి జవాబు చెప్తాను. తెలీకుండా చేసినది దేవుడికి తెలుసు. తెలిశాక మనం ఏం చేస్తామో, దాని గురించే ఆయన అడుగుతాడు.

ఇప్పుడు నా ప్రశ్న. పోయినసారి అడిగాను, నువ్వు జవాబు రాయలేదు. ఆ పీలిక నీకు ఎక్కడ దొరికింది?

నేను కోప్పడను. భయపడకు తల్లీ. చెప్పు.

అత్త


జిరాక్స్ షాపు
నవంబర్ 14

అత్తా,

చెప్తున్నాను. ఇది చదివాక చించెయ్.

ఆ పీలిక గడ్డి మందు ట్యాంకు పట్టీకి కట్టి ఉండేది. మన కొట్టంలో రెండు ట్యాంకులు, రెండూ నీలం రంగు, ఒకే రోజు కొన్నవి. ఒకటి గడ్డి మందుకి, ఒకటి పురుగు మందుకి. గుర్తు కోసం గడ్డి మందు దానికి నాన్న ఆ ఎర్ర పీలిక కట్టాడు. ఆ ట్యాంకుని ఎవరూ పెద్దగా కడగరు, వేరే దేనికీ వాడరు కాబట్టి. లోపల గడ్డి మందు అంటుకునే ఉంటుంది. నేను చేలోకి వెళ్ళను కదా, నాకు ఇవన్నీ తెలీదు అనుకో. కాదు, పూర్తిగా నిజం రాస్తా. విప్పేటప్పుడు 'ఇదెందుకు కట్టారో' అని ఒక్కసారి అనిపించింది. నాయనమ్మని అడుగుదామనుకుని మర్చిపోయా. నాకు నీ గుడ్డ కావాలి, అంతే అప్పుడు.

పీలిక లేని ట్యాంకులు రెండిట్లో ఆదాం ఒకటి భుజానికి తగిలించుకుపోయాడు.

ఇంకా ఉంది. మొక్కలు మెలికపడ్డాక ఆదాం తనే వచ్చి, "ట్యాంకు మారిందయ్యా, తప్పు నాదే" అని నాన్నతో చెప్పాడు. నాన్న కొట్టంలోకి వెళ్ళి చూస్తే పీలిక ట్యాంకుకి కట్టే ఉంది! "ఇంత ఎర్రగా కనపడుతుంటే పొరపాటెట్లా అవుద్దిరా?" అని కాలర్ పట్టుకున్నాడు. ఆదాం ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నాకేం అర్థం కాలేదు. సాయంత్రం తవుడుకి వెళ్ళి, బస్తా వెనక చెయ్యి పెట్టాను. పుస్తకం ఉంది. దాన్ని చుట్టిన గుడ్డ మాత్రం పీలిక కాదు. తెల్ల తువ్వాలు చెంగు, చింపినది. ఆదాం తువ్వాలు.

ఆయనకి తెలుసు అత్తా. పీలిక కోసం వెతికి ఉంటాడు, పుస్తకం చూసి ఉంటాడు. దాని మొదటి పేజీలో 'నా కోడలు రమ్యకి' అని నువ్వు రాశావు కదా. పీలిక ఏమైందని ఎవరూ వెతక్కుండా తీసి ట్యాంకుకి కట్టి, పుస్తకానికి తన తువ్వాలు చుట్టి, మళ్ళీ అక్కడే పెట్టాడు. నా కోసం కట్టిన ఆ పీలికే ఇప్పుడు ఆయన మీద సాక్ష్యం అయింది.

మొదట్లో ఆయన చెప్పేస్తాడేమో అని వణికాను. ఇప్పుడు ఆయన చెప్పడని తెలుసు. ఇది ఇంకా ఘోరంగా ఉంది.

ఊళ్ళో ఎవరూ ఆయన్ని మందు కొట్టడానికి పిలవట్లేదు. ఈ ఇరవై మూడు, ఆదివారం పొద్దున, సొసైటీ ఆఫీసు దగ్గర పెద్దమనుషులు కూర్చుంటున్నారు. కావాలనే చేశానని అందరి ముందూ ఒప్పుకోవాలంట. ఆదివారం కావాలనే పెట్టించాడు నాన్న.

నేను చెప్తే ఏమవుతుందో రాస్తా. కాలేజీ మాన్పిస్తాడు. పుస్తకం ఆదామే ఇచ్చాడంటారు. వాళ్ళ చర్చి మీదకి పోతారు. ఆయన నోరు మూసుకుంది అందుకే కదా? మరి నేను చెప్పకపోవడమే మంచిది కదా? నువ్వే అన్నావు, చెప్పకుండా ఉండటం అబద్ధం కాదని.

రోజూ ప్రార్థన చేస్తున్నా. కళ్ళు మూసుకుంటే తువ్వాలు కనపడుతోంది. ఆ నెమ్మది ఎటు పోయిందో తెలీదు. నాకు అది తిరిగి కావాలి అత్తా. ఏం చెయ్యాలో చెప్పు.

రమ్య


కొత్తపట్నం
నవంబర్ 18

తల్లీ,

నీ ఉత్తరం చింపలేదు. చేతులు రాలేదు.

దాచుకోమన్నది నేను. మీ నాన్నకి భయపడి చెప్పిన మాటకి దేవుడి పేరు తగిలించాను. నీకు భయం పోవాలని పుస్తకం పంపి, దాంతో పాటు నా భయం కూడా పార్సిల్ చేశాను.

నువ్వు పోగొట్టుకున్నది నేను తిరిగి ఇవ్వలేను. యేసయ్య చెప్పిన ఒక మాట ఉంది, నువ్వు చదివావో లేదో. కానుక పట్టుకుని దేవుడి ముందుకి వచ్చినప్పుడు, నీ వల్ల నొచ్చుకున్న మనిషి గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలేసి, ముందు వెళ్ళి ఆ మనిషిని కలిసి రమ్మంటాడు ఆయన. నీకు కళ్ళు మూసుకుంటే తువ్వాలు కనపడుతోందంటే, ఆయన నిన్ను వదిలేసినట్టు కాదు. పంపిస్తున్నట్టు.

ఇదంతా రాసి, నువ్వు పదహారేళ్ళ పిల్లవని గుర్తొచ్చి, పెన్ను పక్కన పెట్టేశాను. మీ నాన్న ముందు నువ్వు నిలబడటం ఊహించుకోలేకపోయాను. అందుకే ఇందులో ఇంకో కవరు పెట్టాను. అన్నయ్య పేరు మీద. పుస్తకం నేనే పంపాననీ, పీలిక విప్పి దాచమని నేనే చెప్పాననీ, పిల్లకి ఏం తెలీదనీ రాశాను. అది పూర్తి నిజం కాదు. దేవుడి దగ్గర నేను చూసుకుంటాను. ఆదివారం పొద్దున్నే అది నాన్న చేతికిచ్చి నువ్వు లోపలికి వెళ్ళిపో. ఆదాం బయటపడతాడు. నువ్వూ బయటపడతావు. మీ నాన్నకి నేను ఎలాగూ చచ్చినదాన్నే, ఇంకో తప్పు మోస్తే బరువేం కాదు.

ఆలోచించుకో. నేను బలవంతపెట్టను.

అత్త


ఇంటి నుంచి
నవంబర్ 25

అత్తా,

నీ కవరు తిరిగి పంపిస్తున్నాను. విప్పలేదు. నాన్నకి ఇవ్వలేదు.

శనివారం కాలేజీలో అది చేతికొచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఇస్తే చాలు, అంతా అయిపోతుంది. అప్పుడు అనిపించింది, నా తప్పు ఇప్పటికే ఒకాయన మోస్తున్నాడు. ఆయన భుజం మీంచి తీసి నీ భుజం మీద పెట్టడం, ఇంకేం లేదు. నేను మాత్రం కొట్టంలోనే కూర్చుని ఉంటాను.

ఇంటికెళ్ళి తవుడుకి వెళ్ళాను. పుస్తకం తియ్యలేదు. "యేసయ్యా, చేసింది నేనే" అన్నాను. అన్ని రోజులూ 'కాపాడు, కాపాడు' అన్నా గానీ ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు. అన్నాక ఏమైందో చెప్పడం రాదు. పొలంలో మోటారు గంటల కొద్దీ తిరిగి తిరిగి కరెంటు పోతే ఒక్కసారిగా ఆగుతుంది చూడు, అప్పటిదాకా అంత చప్పుడుందని కూడా మనకి తెలీదు. అలా ఆగింది లోపల. ఇంకా ఎవరికీ ఏం చెప్పలేదు, రేపు ఏమవుతుందో తెలీదు. అయినా ఆగింది.

ఆదివారం పొద్దున నాన్న బండి తీస్తుంటే, "నేనూ వస్తా" అన్నాను. "ఆడపిల్లవి, అక్కడ నీకేం పనే?" అన్నాడు. బండి వెనక నడుచుకుంటూ వెళ్ళాను. ఒక చేతిలో ట్యాంకు నుంచి మళ్ళీ విప్పిన పీలిక, ఒక చేతిలో పుస్తకం. పుస్తకానికి ఆదాం తువ్వాలు అలాగే ఉంది.

సొసైటీ ఆఫీసు ముందు ప్లాస్టిక్ కుర్చీలేశారు. ఆదాం నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలుకి ఒక మూల లేదు. అది ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

పెద్దమనుషుల్లో యలమందయ్య తాత అడుగుతున్నాడు. "ఏరా ఆదాం, ఊరంతటికీ మందు కొట్టేవాడివి. ఏ ట్యాంకు ఏదో తెలీదా నీకు?"

"తెలుసయ్యా. పొరపాటైంది."

"పీలిక ఉందా లేదా ట్యాంకుకి?"

ఆదాం నేల చూశాడు. "ఉందయ్యా" అన్నాడు. అబద్ధం, అత్తా. చర్చి మానుకుని వచ్చి, నా కోసం ఆ మనిషి అబద్ధం చెప్పాడు.

"లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తాతా, పీలిక లేదు. నేను విప్పాను."

అందరూ తిరిగారు. నాన్న లేచి, "ఏం వాగుతున్నావే? పో ఇంటికి!" అన్నాడు. పక్కనున్న కుర్చీ గట్టిగా పట్టుకున్నా. భయం పోలేదు అత్తా. అది నీకు అబద్ధం రాయను. కానీ భయం పక్కనే ఉన్నా నోరు మాట్లాడింది.

మొత్తం చెప్పాను. పుస్తకం ఎవరు పంపారు, నీ ఉత్తరాలు ఎక్కడికి వస్తాయి, పుస్తకం ఎక్కడ దాచాను, దేంతో చుట్టాను. "ఆదాంకి ముందు ఏం తెలీదు. తెలిశాక నన్ను కాపాడటానికి పీలిక మళ్ళీ కట్టాడు. చూడండి" అని పుస్తకం మీది గుడ్డ తీసి ఆయన తువ్వాలు మూలకి పెట్టాను. చిరుగు చిరుగుకి సరిపోయింది.

"ఎందుకు చెప్పావమ్మాయ్?" అన్నాడు ఆదాం మెల్లగా. "నేను ఎట్టాగో పడేవాణ్ణి కదా."

"నువ్వు పడొద్దు" అన్నాను. "నన్ను క్షమించు" అని కూడా అన్నాను. అందరి ముందూ. ఆయన తల ఊపాడు, చేత్తో మొహం తుడుచుకున్నాడు.

యలమందయ్య తాత, "చెంచయ్యా, ఇంకేముందయ్యా అడగడానికి!" అని లేచాడు. నాన్న పీలిక వంక చూశాడు. నా చేతిలోంచి తీసుకుని, "ఇది జ్యోతి చీర" అన్నాడు. నీ పేరు నాన్న నోట్లో వినడం నాకు అదే మొదటిసారి.

తర్వాత ఆదాం వైపు చూడకుండా, "రేపు చేలోకి రా. మిగతా ఎకరాలన్నా కాపాడుకోవాలి" అన్నాడు.

"వస్తానయ్యా" అన్నాడు ఆదాం. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఆదివారం మాత్రం రాను" అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. నాన్న నవ్వలేదు. కానీ ఏమీ అనలేదు కూడా.

ఇంట్లో నాన్న నాతో మాట్లాడట్లేదు. నిన్నా ఇవాళా కాలేజీకి పంపలేదు. పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. చించలేదు. చదివినంత వరకూ నాకు గుర్తుంది, చాలు. పీలిక ఆయనే వెళ్ళి ట్యాంకుకి కట్టాడు, రెండు ముళ్ళు వేసి.

ఇంకో విషయం. నువ్వు నాకు రాయనిది ఒకటి నాయనమ్మ చెప్పింది. నువ్వు చెప్పకుండా వెళ్ళిపోయిన రోజు, తల్లికి ముందే తెలుసని ఊరంతా ఆవిణ్ణే తిట్టారంట. "నాకు తెలీదే, దేవుడి తోడు" అంటోంది ఇప్పటికీ. పద్దెనిమిదేళ్ళుగా నీ తప్పు ఆవిడ మోస్తోంది అత్తా. ఆసుపత్రిలో ఆవిడ కోసం ప్రార్థన చేశావు గానీ, 'తప్పు నాదే' అని ఆవిడతో చెప్పావా? చెప్పకపోతే నువ్వూ వచ్చి చెప్పు. నా మీద కోపం తెచ్చుకోకు. నువ్వు రాసిన మాటే నీకు తిరిగి రాస్తున్నా. కానుక అక్కడే వదిలెయ్.

ఈ ఉత్తరం వసారాలో కూర్చుని రాస్తున్నాను, పట్టపగలు. నాన్న ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగాడు. మడిచి కవర్లో పెడుతుంటే ఆగి, రెండు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడాడు.

"ఎవరికే?"

"అత్తకి."

చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు.

"వెనకాల మనింటి అడ్రస్ రాయి" అన్నాడు. "నా కూతురికి జిరాక్స్ షాపులో ఉత్తరాలేంటి, ఊళ్ళో ఇల్లు లేనట్టు!"

రాశాను అత్తా. వెనకాల చూడు.

శ్రీరమ్య